అచ్చు వేయించే ముందు: టీవీ షోల సరుకుపై పాఠకుల ప్రశ్నలు

రియాలిటీ షో సీజన్ మొదలైతే చాలు, టీషర్టులు, కప్పులు, కీచైన్ల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చినవాటిలో అయిదింటికి జవాబులిస్తున్నాం. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట అన్నీ కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: మాకు అరండల్‌పేటలో చిన్న టీషర్టు ప్రింటింగ్ షాపు ఉంది. రియాలిటీ షో నడిచినన్నాళ్లూ కాలేజీ కుర్రాళ్లు వచ్చి ఫలానా కంటెస్టెంట్ ఫొటో, షో లోగో వేసిమ్మంటారు. ఫొటో వాళ్లే ఫోన్లో తెస్తారు. వేసివ్వొచ్చా? గిరాకీ ఉంది కదా అని ఓ వంద ముందే వేసి పెట్టుకుంటే ఇబ్బందా?
– షాపు యజమాని, గుంటూరు

వంద వేసి పెట్టుకోవద్దు. ఒక్కటి వేసినా చట్టం దృష్టిలో తేడా ఏమీ లేదు. కాకపోతే గోడకు వేలాడదీసిన వంద ఎవరికైనా ఇట్టే కనబడతాయి.

ఆ ఒక్క టీషర్టు మీద మూడు రకాల హక్కులున్నాయి. లోగో, షో పేరు ట్రేడ్‌మార్కు కిందికి వస్తాయి. షోలోంచి తీసిన ఫొటో, పోస్టర్, సెట్ బొమ్మ కాపీరైటు కిందికి వస్తాయి. ముఖం ఆ మనిషిది. ఫొటో తెచ్చింది కస్టమరే కావచ్చు, అచ్చు వేసి డబ్బు తీసుకుంది మాత్రం మీరు. తెలిసి చేసిన ఉల్లంఘనకు కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ట్రేడ్‌మార్కు చట్టంలోనూ శిక్ష దాదాపు ఇంతే.

ముఖం సంగతిని కోర్టులు ఎప్పటినుంచో చూస్తున్నాయి. గాయకుడు దలేర్ మెహందీని పోలిన బొమ్మలు అమ్మిన దుకాణాలకు వ్యతిరేకంగా ఢిల్లీ హైకోర్టు 2010లోనే తీర్పిచ్చింది. ఆ కేసులో ప్రతివాదులు పెద్ద కంపెనీలేం కాదు, బహుమతుల దుకాణాలు. తెలుగు బిగ్‌బాస్ వ్యాఖ్యాత నాగార్జున కూడా తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా 2025లో అదే కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు.

మరి అనుమతి ఎవరినడగాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. షో ఒక చానల్లో వస్తుంది, ఫార్మాట్ మరొకరిదై ఉంటుంది. 2017 నుంచి తెలుగులో వస్తున్న బిగ్‌బాస్ స్టార్ మాలో ప్రసారమవుతుంది, ఫార్మాట్ హక్కు బనిజే సంస్థది. కంటెస్టెంట్లకూ నిర్మాతకూ మధ్య పేరు, ఫొటోల వాడకం మీద విడిగా ఒప్పందం ఉంటుంది. కాబట్టి కంటెస్టెంటు అన్నయ్య ఫోన్లో “వేసుకోండి బాబూ” అన్నంత మాత్రాన అది అనుమతి కాదు.

పెద్ద షో లైసెన్సు చిన్న షాపుకు నేరుగా దొరకడం కష్టం. అమ్మినా అమ్మకపోయినా ముందే కట్టాల్సిన కనీస గ్యారంటీ సొమ్ము ఉంటుంది. దానికి తోడు హోల్‌సేల్ ధర మీద మామూలుగా 5 నుంచి 15 శాతం రాయల్టీ. డిజైనుకు ఒకసారి, నమూనాకు ఒకసారి, తయారైన సరుకుకు ఒకసారి ఆమోదం తీసుకోవాలి. మీకు కుదిరే దారి జాబ్‌వర్క్. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర ప్రింటింగ్ పని తీసుకోండి. లైసెన్సు కాపీ, మీ షాపు పేరు మీద అధికార పత్రం, ఎన్ని వేయాలో సంఖ్య రాసిన ఆర్డరు, ఈ మూడూ చేతికొచ్చాకే ఫ్రేమ్ తీయండి. పాడైన పీసులు లెక్కపెట్టి తిరిగి ఇచ్చేయండి. సెకండ్స్ పేరుతో అవి బయట అమ్ముడైతే వేలెత్తి చూపేది మిమ్మల్నే.

కుర్రాళ్లను ఊరికే తిప్పి పంపనక్కర్లేదు. వాళ్ల గ్యాంగు పేరు, వాళ్లే రాసుకున్న మాట, తమ అభిమాన కంటెస్టెంట్‌ను గుర్తుచేసే రంగు కలిపి సొంత డిజైను గీయించండి. చాలాసార్లు ఫొటో టీషర్టు కన్నా అదే బాగుంటుంది కూడా.

ప్రశ్న: స్థానిక కేబుల్ చానల్‌కు వారానికోసారి వంటల కార్యక్రమం చేస్తాం, నెట్‌లోనూ పెడతాం. ప్రేక్షకులు బాగానే ఉన్నారు. లోగో, యాంకర్ ముఖం వేసి 500 టీషర్టులు, 500 కప్పులు చేయించి అమ్ముదామని ఆలోచన. ఎంత ఖర్చవుతుంది? ఎలా మొదలుపెట్టాలి?
– నిర్మాణ బృందం, సత్యనారాయణపురం, విజయవాడ

ముందు ఆ 500 టీషర్టులు మానండి. మీ వంటల కార్యక్రమం చూసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు. లోగో టీషర్టు వేసుకుని వీళ్లెక్కడికి వెళతారు? డబ్బిచ్చి మరీ ఎవరూ మీ ప్రకటన మోయరు. షో చూసేవాళ్లకు మాత్రమే అర్థమయ్యే గుర్తు, షో చూస్తున్నప్పుడో ఆ వంట చేస్తున్నప్పుడో చేతికి పనికొచ్చే వస్తువు, ఈ రెండూ కలిస్తేనే అభిమాని కొంటాడు, నలుగురికీ చూపిస్తాడు. యాంకర్ రోజూ అనే ఊతపదం ఒకటుంటుంది. అది వేసిన పోపుల డబ్బా లోగో వేసిన కప్పు కన్నా ముందు అమ్ముడవుతుంది.

మీ షోకు మేం సూచించేవి మూడు. ఒకటి ఆవకాయ, మాగాయ కొలతలు అచ్చేసిన ఫ్రిజ్ మాగ్నెట్. చిన్నది, చవక, కొరియర్లో పగలదు. మార్చి మూడో వారానికల్లా చేతిలో ఉండాలి, పచ్చళ్లు పెట్టేశాక దాన్ని ఎవరూ కొనరు. రెండు, రైతుబజారుకు తీసుకెళ్లే గుడ్డసంచి. 14 × 16 అంగుళాలు, 200 జీఎస్‌ఎంకు (అంటే చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) తగ్గని కాటన్. చెవులు కుట్టినచోట చదరం లోపల అడ్డకుట్టు వేయించండి, లేకపోతే అయిదు కిలోల ఉల్లిపాయలకే ఊడిపోతాయి. ఊడిన సంచి మీద మీ షో పేరు ఉంటుందని మరవకండి. మూడు, పండగలు, మీ వంటల తేదీలు కలిపిన క్యాలెండర్. దీనికి నవంబరు మొదట్లోనే ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి. డిసెంబరు చివర ప్రెస్సుల్లో మీ పని ఎవరూ ముట్టుకోరు, సంక్రాంతి దాటాక క్యాలెండర్ ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు.

యువత చూసే షో అయితే టీషర్టు సరే. అప్పుడు కూడా 500 కాదు, 100తో మొదలుపెట్టండి. తిరుప్పూర్ నుంచి వచ్చే 180 జీఎస్‌ఎం బయోవాష్ (ఎంజైముతో నూగు పోగొట్టిన) కాటన్ రౌండ్ నెక్ చాలు. ఓవర్‌సైజు అడిగితే 220 నుంచి 240. వందకు సైజులు ఇలా వేయండి: ఎస్ 10, ఎం 25, ఎల్ 30, ఎక్స్‌ఎల్ 22, డబుల్ ఎక్స్‌ఎల్ 13. అన్ని సైజులూ సమానంగా తెప్పించినవాళ్లకు చివర మిగిలేది ఎస్ కట్టలే. ఆర్డర్ పేజీలో “ఎం, ఎల్” అని ఊరుకోకుండా ఛాతీ కొలత అంగుళాల్లో రాయండి. తిరిగొచ్చేవాటిలో ఎక్కువ భాగం సైజు గొడవలే.

ఇప్పుడు డబ్బు సంగతి. లెక్క అర్థమవడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. ప్లెయిన్ టీషర్టు 170, ప్రింటు 60, లేబులు, కవరు 12, పాడైపోయేవాటికి 8. మొత్తం 250. అమ్మకపు ధర 499. అందులో 5 శాతం జీఎస్‌టీ తీస్తే 475. దుకాణం కమిషన్ 25 శాతం పోతే 356. యాంకర్ ముఖమో ఊతపదమో వాడినందుకు 10 శాతం ఇస్తే దాదాపు 320. ఖర్చు పోను పీసుకు మిగిలేది 70 రూపాయలు. వందలో 80 అమ్ముడై 20 మిగిలిపోయాయనుకోండి. 80 మీద లాభం 5,600 దాటుతుంది, మిగిలిన 20 మీద పెట్టుబడి 5,000 ఇరుక్కుంటుంది. చేతికొచ్చేది 700 లోపు. అందుకే ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. పది రోజులు ఆర్డర్లు తెరిచి, పూర్తి డబ్బు తీసుకుని, తర్వాత అచ్చు వేయించండి. మూడు వారాల్లో అందుతుందని చెప్పి రెండో వారంలో పంపితే మంచిపేరు. రెండు వారాలని చెప్పి నాలుగో వారంలో పంపితే ఆ తిట్లు మీ కార్యక్రమం కింద కామెంట్లలో కనబడతాయి.

దుకాణాల కమిషన్ తప్పించుకోవాలంటే పుస్తక మహోత్సవంలాంటి జనం చేరేచోట ఒక టేబులు పెట్టుకోవచ్చు. జనవరి మొదట్లో విజయవాడలో అలాంటి జనం దొరుకుతారు. కానీ స్టాలు అద్దె, ఇద్దరు మనుషుల కూలి పైన చెప్పిన 70 రూపాయల్లోంచే పోవాలి.

ప్రింటింగ్ పద్ధతి సంఖ్యను బట్టి ఎంచుకోవాలి. స్క్రీన్ ప్రింటింగులో రంగుకొక ఫ్రేమ్ తీస్తారు, దాని ఖర్చు పది పీసులకైనా అయిదొందల పీసులకైనా ఒకటే. అందుకే సుమారు 50 దాటితే స్క్రీన్, ఆ లోపైతే డీటీఎఫ్ (బొమ్మను ముందు ఫిల్ము మీద అచ్చేసి, వేడితో ఒత్తి బట్ట మీదికి దింపే పద్ధతి) గిట్టుబాటు. డిజైను ఒకటి రెండు రంగుల్లో ఉంచితే సంచుల ఖర్చు బాగా తగ్గుతుంది. ఎపిసోడ్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసి అచ్చు వేయమనకండి. 1920 × 1080 బొమ్మను అచ్చుకు కావలసిన 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చూస్తే వచ్చేది 6.4 × 3.6 అంగుళాలే. దాన్ని ఎ3కి సాగదీస్తే యాంకర్ మొహం గళ్లుగళ్లుగా కనబడుతుంది. ఎ3కి 3508 × 4961 పిక్సెళ్ల ఫైలు కావాలి. ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టార్ ఫైలైతే ఈ గొడవే ఉండదు.

చివరగా కాగితాలు. షో పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించండి. ఈ నమోదు సరుకు, సేవల తరగతుల వారీగా ఉంటుంది: కార్యక్రమానికి 41వ తరగతి, బట్టలకు 25, క్యాలెండర్లకు 16, వంటింటి పాత్రలు, కప్పులకు 21. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల ఫీజు. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. ఇది ఎందుకంటారా? ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ పాత్రలను తలపించే మనుషులతో ఒక డిటర్జెంట్ ప్రకటన వచ్చినప్పుడు స్టార్ సంస్థ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. కోరిన నిలుపుదల ఉత్తర్వు దొరకలేదు. ఆ పాత్రలకు సీరియల్‌ను దాటి సరుకుల మార్కెట్లో సొంత పేరుందని చూపలేకపోవడం అందుకు ఒక కారణం. దేశమంతా చూసిన సీరియల్‌కే అలా అయింది. యాంకర్‌తో కూడా ఇప్పుడే కాగితం రాసుకోండి, మనిషి షో మానేశాక మాట్లాడుకోవడం కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులమ్మేవారికి ఏటా 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. కానీ హైదరాబాదు అభిమానికి ఒక్క సంచి అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, నమోదు తప్పదు. 2,500 రూపాయల లోపు దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం పన్ను. లేబుల్ మీద గరిష్ఠ చిల్లర ధర, సైజు, తయారుచేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి.

ప్రశ్న: ఫ్యాన్స్ కోసం వేసిన టీషర్టుల్లో సగం రెండు ఉతుకులకే పగిలాయి, కొన్నింటి మీద తెల్ల అక్షరాలు గులాబీ రంగుకు తిరిగాయి. కప్పుల మీద బొమ్మ మసకబారింది. మెషిన్ మార్చాలా?
– ప్రింటర్, మంగళగిరి

మెషిన్ కన్నా ముందు వేడి, ఒత్తిడి, సమయం చూసుకోండి.

స్క్రీన్ ప్రింటులో ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే ప్లాస్టిక్) ఇంకు వాడితే, పొర అడుగు దాకా 160 డిగ్రీలు చేరాలి. పైన ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటే మొదటి ఉతుకులోనే బీటలు వారుతుంది. ఒక పీసు తీసుకుని బట్టను చేత్తో సాగదీయండి. ఇంకు పగిలితే ఉడకలేదని అర్థం. అచ్చు వేసినవన్నీ ఇంకోసారి డ్రయ్యర్‌లోకి పంపండి.

డీటీఎఫ్ అయితే జిగురు పొడి మీద అనుమానం పెట్టుకోండి. మన వైపు వానాకాలంలో గాలి తేమకు పొడి ఉండలు కడుతుంది, అక్కడక్కడా పడి అక్కడక్కడా పడదు. గాలి చొరని డబ్బాలో ఉంచండి. బట్టను ముందు మూడు నాలుగు సెకన్లు ఒత్తి తేమ పోగొట్టండి. తర్వాత 150 నుంచి 160 డిగ్రీల్లో 10 నుంచి 15 సెకన్లు. ఫిల్మ్ తీశాక టెఫ్లాన్ షీటు పెట్టి మరో అయిదు నుంచి పది సెకన్లు ఒత్తాలి. పగుళ్లు ఆపేది ఈ రెండో ఒత్తుడే, పని తొందరలో చాలామంది వదిలేసేదీ ఇదే. చల్లారాక తీసే ఫిల్మును వేడిగా లాగితే అంచులు లేస్తాయి. కొన్నవాళ్లకు చీటీ రాసి పెట్టండి: 24 గంటల దాకా ఉతకొద్దు, తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దు.

గులాబీ రంగుకు కారణం బట్ట. ఎర్ర పాలిస్టర్ జెర్సీని ఎక్కువ వేడి చేస్తే అందులోని రంగు ఆవిరై పైనున్న తెలుపులోకి ఎక్కుతుంది. కొన్నిసార్లు రెండు రోజుల తర్వాత బయటపడుతుంది, సరుకు ఇచ్చేశాక. తక్కువ వేడికి కరిగే పొడి, రంగును అడ్డుకునే ఫిల్ము వాడండి, లేదా కాటన్‌కు మారండి.

కప్పుల సంగతి వేరు. వేడికి ఆవిరై పూతలోకి దిగే సబ్లిమేషన్ రంగు పాలిమర్ పూత ఉన్న కప్పుకే పడుతుంది. పూత పలుచగా ఉన్న చవక కప్పు ఎంత వేడి చేసినా మసకే. 180 నుంచి 200 డిగ్రీలు, రెండున్నర నుంచి మూడు నిమిషాలు. కాగితం కదిలితే బొమ్మకు నీడ పడుతుంది, వేడికి ఆగే టేపుతో బిగించండి. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు వేయడం మరిస్తే షో పేరు తిరగబడుతుంది. సబ్లిమేషన్‌ను కాటన్ టీషర్టు మీద ప్రయత్నించినవాళ్లు ఉంటే ఆ బొమ్మలు ఉతుకులకు వెలిసిపోయే ఉంటాయి.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు చేసే కుటుంబం మాది. పిల్లల టీవీ షో పాత్రలను పొనికి కర్రతో చేస్తే అమ్ముడవుతాయని ఒక వ్యాపారి అంటున్నాడు. ఐఎస్ఐ ముద్ర కావాలంటారా?
– కొండపల్లి

అమ్ముడవుతాయన్నది నిజమే. ఛోటా భీమ్‌ను తయారుచేసింది హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్. 2008లో టీవీలోకి వచ్చిన ఆ పాత్ర సొంత దుకాణాల దాకా వెళ్లింది. అందుకే లైసెన్సు ముందు అడగండి. పాత్ర రూపం యజమానిది, చెక్కింది మీరైనా సరే. ఆ వ్యాపారి “నేను చూసుకుంటా” అంటే లైసెన్సు కాగితం చూపమనండి.

ఐఎస్ఐ ప్రశ్నకు జవాబు మీకు అనుకూలంగానే ఉంది. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఆ ముద్ర తప్పనిసరి. అయితే కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవారు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తిని దాని అధీకృత వినియోగదారులు చేసినప్పుడూ మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి బొమ్మకు ఆ గుర్తింపు ఉంది. కానీ ఊరికి గుర్తింపు ఉంటే చాలదు, మీ పేరు మీద కార్డో నమోదో ఉండాలి. వ్యాపారి తన షెడ్డులో మెషిన్ పెట్టి కోయించి మీ ఊరి పేరు తగిలిస్తే ఈ మినహాయింపు అతనికి వర్తించదు.

మినహాయింపు ఉంది కదా అని జాగ్రత్త వదలకండి. మూడేళ్లలోపు పిల్లల కోసమైతే ఊడివచ్చే ముక్క ఏదీ 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పట్టకూడదు. పరీక్షకు వాడే గొట్టం కొలత అదే, గొంతులో అడ్డంపడే ముక్కను పట్టుకోవడానికి. మీ పద్ధతిలో చేతులు, తల విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికిస్తారు కాబట్టి ఊడే చోట్లు ఎక్కువ. సీసం లేని రంగులే వాడండి. మా సలహా అడిగితే ఆట బొమ్మగా కాదు, సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకునే బొమ్మగా చేయండి. ధర కూడా బాగా పలుకుతుంది. లైసెన్సు వచ్చాక యజమాని రంగుల షేడు కార్డు పంపుతాడు, భీమ్ ధోవతి రంగు మీకు నచ్చినట్టు మారిస్తే నమూనా తిప్పి పంపుతారు.

ప్రశ్న: లైసెన్సు ఉన్న సరఫరాదారు దగ్గర ఒక షో సరుకు తెచ్చి బీసెంట్ రోడ్డులో అమ్ముతున్నాం. ఫైనల్ అయిపోయింది. మూడోవంతు మిగిలింది. ఏం చేయాలి? వచ్చే సీజన్‌కు ఎప్పుడు తెప్పించాలి?
– దుకాణదారు, విజయవాడ

ముందు లైసెన్సు గడువు అడగండి. గడువు ముగిశాక మిగిలిన సరుకు అమ్ముకోవడానికి మామూలుగా 60 నుంచి 90 రోజులు ఇస్తారు. అది దాటాక అమ్మితే అసలు సరుకైనా అనుమతి లేనిదే. ఆ రోజుల్లో కంటెస్టెంట్ ముఖాలున్నవి సగం ధరకు వదిలేయండి. గెలిచినవాడి టీషర్టు ఫైనల్ తర్వాత రెండు వారాలు కదులుతుంది, ఓడినవాడిది ఆ రాత్రితోనే ఆగిపోతుంది. షో గుర్తు మాత్రమే ఉన్నవి ఉంచుకోండి, వచ్చే సీజన్ మొదటి వారంలో పోతాయి, అప్పటికి లైసెన్సు పొడిగిస్తేనే సుమా.

ఎప్పుడు తెప్పించాలన్న విషయంలో పెద్దవాళ్లే తడబడ్డారు. డిస్నీ వారి ‘మాండలోరియన్’ సిరీస్‌లో పసిబిడ్డలాంటి పాత్ర 2019 నవంబరులో కనబడగానే జనం బొమ్మ ఎక్కడని అడిగారు. రహస్యం బయటపడకూడదని డిస్నీ సరుకు ముందుగా చేయించలేదు, ఆ క్రిస్మస్‌కు మంచి బొమ్మలు దొరకలేదు. ఆ ఖాళీలోకి సొంతంగా కుట్టి అమ్మినవాళ్లు దూరారు. డిస్నీకి ఆలస్యమైనా తట్టుకునే శక్తి ఉంది, మీ దుకాణానికి ఉండదు. అందుకని ముఖాల సరుకు సీజన్ మొదట్లో తెప్పించకండి. ఎవరు నిలుస్తారో నాలుగైదు వారాలకు గాని తేలదు. మొదటి దఫా షో గుర్తులు, రంగులు మాత్రమే. నాలుగో వారం దాటాక, ప్రేక్షకులు పదే పదే పేరెత్తుతున్న ఇద్దరు ముగ్గురి సరుకు, తలా 25కు మించకుండా. ఫైనల్‌కు పది రోజుల ముందు చివరి ఆర్డరు. సరఫరాదారుతో అమ్ముడు పోనివి వెనక్కి తీసుకునే షరతు అడిగి చూడండి. పెట్టెకు హోలోగ్రామ్ స్టిక్కర్ ఉందో లేదో దించుకునేటప్పుడే చూసుకోవాలి, తర్వాత అడిగితే లారీవాడి మీద తోసేస్తారు.